యంత్రం ఎవరి కష్టం తీర్చాలి?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు ఇచ్చిన అంశం "పాడి పరిశ్రమలో నూతన సాంకేతిక విజ్ఞానం". ఏ ఏ యంత్రాలు వచ్చాయి, వాటి ధర ఎంత అనే జాబితా చదవడానికి మేము రాలేదు. ఆ జాబితా అమ్మేవారు మాకంటే చక్కగా చదువుతారు. ఏ యంత్రం ఎవరి కష్టాన్ని తీర్చింది, ఏది తీర్చలేకపోయింది, ఎందువలన అనే విషయాన్ని మీ ముందు ఉంచదలచాము.

మా ఉద్యోగంలో ఒక భాగం డెడ్‌స్టాక్ రిజిస్టరు తనిఖీ చేయడం. సంఘానికి చెందిన బల్లలు, కుర్చీలు, క్యాన్లు, కొలపాత్రలు, తూకపు యంత్రాలు, టెస్టర్లు అన్నీ అందులో వ్రాసి ఉంటాయి. వ్రాసిన వస్తువు గదిలో ఉన్నదా లేదా అని చూచి, ఉంటే టిక్కు పెట్టి సంతకం చేస్తాము. ముప్పై ఏండ్లకు దగ్గరగా ఈ పని చేస్తూ మేము గమనించినది ఒక్కటే: వస్తువు ఉండటం వేరు, పనిచేయటం వేరు. కొన్ని సంఘాలలో ఒక మూలన గోనెపట్టా కప్పి కొత్త యంత్రం ఉంటుంది. దాని మీద దాణా బస్తాలు పేర్చి ఉంటాయి. పుస్తకంలో అది లక్షల రూపాయల ఆస్తి. పాలు పోసేవారికి దానివలన కలిగిన లాభం సున్న. ఆ యంత్రానికి పెట్టిన డబ్బు ఎవరిది? లీటరుకు ఇన్ని పైసలు చొప్పున మీ పాల బిల్లులో నుండి మిగిలిన సొమ్మే గదా!

కావున మొదట కష్టం ఏదో తెలుసుకోవాలి. యంత్రం మాట ఆ తరువాత రావాలి. ఈ వరుస తప్పనిచోట విజ్ఞానం ఎంత మేలు చేసిందో చెప్పడానికి మూడు ఉదాహరణలు మనవి చేస్తాము.

వెన్నశాతం పరీక్ష ఎందుకు పుట్టింది?

పాలను లీటర్ల లెక్కన మాత్రమే కొన్న కాలం ఒకటి ఉన్నది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో రైతులు జున్ను, వెన్న తయారుచేసే కర్మాగారాలకు పాలు పోసేవారు. అందరి పాలూ ఒకచోట కలిసేవి. బరువును బట్టి డబ్బు ఇచ్చేవారు. మీగడ తీసి పోసినవానికీ, నీళ్ళు కలిపినవానికీ, చిక్కటి పాలు పోసినవానికీ ఒకే ధర. దీనివలన నిజాయితీపరునికి నష్టం, మోసగానికి లాభం. చిక్కటి పాలిచ్చే పశువును పెంచాలనే ఆసక్తి ఎవరికీ ఉండదు. పొరుగువాని మీద అనుమానంతో ఊళ్ళలో తగాదాలు కూడ వచ్చేవి.

ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ బాబ్‌కాక్ ఈ కష్టాన్ని ముందు పెట్టుకొని 1890లో ఒక పరీక్షను ప్రకటించాడు. పాలలో గంధకామ్లం పోస్తే వెన్న తప్ప మిగిలిన పదార్థం కరుగుతుంది. సీసాను గుండ్రంగా వేగంగా త్రిప్పితే వెన్న పైకి తేలుతుంది. గీతలున్న సీసా మెడలో అది ఎంతవరకు నిలిచిందో కంటితో చదువవచ్చు. ప్రయోగశాల అవసరం లేదు, పెద్ద చదువు అవసరం లేదు. కర్మాగారంలో పనిచేసే సామాన్యుడే చేయగలడు. మరొక సంగతి, బాబ్‌కాక్ దీనికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా వాడుకొనవచ్చునని వదిలివేశాడు.

ఆ కాలంలోనే స్విట్జర్లాండులో నిక్లాస్ గెర్బర్ ఇదే పద్ధతిని ఎమైల్ ఆల్కహాలు చేర్చి మరింత సులభం చేశాడు. మన సంఘాలలో టెస్టరు పని నేర్చుకున్న పాతవారికి ఆ కొలతలు నోటికి వచ్చు: 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు, ఆపై సెంట్రిఫ్యూజ్. వంద సంవత్సరాలు దాటినా, నేటి ఎలక్ట్రానిక్ యంత్రం చెప్పేది సరియా కాదా అని తేల్చేది ఈ గెర్బర్ పరీక్షే. ఒక లీటరు పాలు పోసే పేదవానికీ, నలభై లీటర్లు పోసే ఆసామికీ ఒకే కొలత అనే సహకార సూత్రం ఆచరణలోకి వచ్చింది ఈ గాజు గొట్టం వలననే. అందుకే దీనిని మొదటి ఉదాహరణగా చెప్పాము.

గేదెపాలతో పొడి కాదన్నారు

రెండవ ఉదాహరణ మన దేశంలోనిది. గుజరాతులోని ఖేడా జిల్లా పాల సంఘం 1946 డిసెంబరులో రిజిస్టరు అయినది. త్రిభువన్‌దాస్ పటేల్ దాని అధ్యక్షులు. 1949లో వర్గీస్ కురియన్ ఆనంద్ చేరారు. బొంబాయి నగరానికి పాలు పంపేవారు. చలికాలం వచ్చేసరికి గేదెలు ఎక్కువ పాలిస్తాయి. బొంబాయిలో ఆ పాలన్నిటినీ తీసుకొనేవారు కాదు. మిగులు పాలు ఏమి చేయాలి? "నేడు పాలు తీసుకోము" అంటే రైతు మరునాటి నుండి వ్యాపారి గుమ్మం ఎక్కవలసిందే. మిల్క్ హాలిడే అనే మాట వింటే మన పాత సభ్యులకు నేటికీ గుండె ఝల్లుమంటుంది.

మిగులు పాలను పొడి చేసి, వేసవిలో వాడుకొనవచ్చు. కాని పాలపొడి యంత్రాలు తయారుచేసే దేశాలలో ఉన్నవి ఆవుపాలు. గేదెపాలతో పొడి సాధ్యం కాదని విదేశీ నిపుణులు తేల్చి చెప్పారు. ఆనంద్‌లో పనిచేస్తున్న ఇంజనీరు హెచ్. ఎం. దలాయా ఆ మాటతో ఆగలేదు. రంగులు కొట్టే స్ప్రేగన్, గాలిని వేడిచేసే హీటరు సమకూర్చుకొని గేదెపాలను చిమ్మి, పొడి చేసి చూపించారు. తరువాత యునిసెఫ్ యంత్రసామగ్రి సహాయంతో నిర్మించిన కర్మాగారాన్ని 1955 అక్టోబరు 31న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. గేదెపాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కనుగొన్నది.

ఇందులో మనం గ్రహించవలసినది ఏమి? విదేశాలలో ఉన్న యంత్రాన్ని తెచ్చి మన పాలను దానికి తగినట్లు మార్చుకోమనలేదు. మన గేదె ఇచ్చే పాలకు తగినట్లు యంత్రాన్ని మలచుకున్నారు. ఏడాది పొడుగునా, ఒక్క పూట కూడ మానకుండా, పోసిన పాలన్నీ తీసుకుంటామని ఒక సంఘం తన సభ్యునికి మాట ఇవ్వగలిగింది దీని తరువాతనే. 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ ప్రారంభమై 1996 వరకు మూడు దశలలో సాగినది. 1950–51లో 1 కోటి 70 లక్షల టన్నులుగా ఉన్న దేశ పాల ఉత్పత్తి 2022–23 నాటికి 23 కోట్ల టన్నులు దాటింది. ఈ పాలలో అధికభాగం రెండు మూడు పశువులున్న చిన్న ఇండ్ల నుండి వచ్చినవే.

ముసర వ్యాధి పోయిన కథ

మూడవది టీకా మందు. ముసర వ్యాధి పేరు నేటి యువకులకు తెలియదు. తాతలను అడగండి. ఊరిలో ప్రవేశించిందంటే కొట్టాలకు కొట్టాలు ఖాళీ అయ్యేవి. దీనికి వాల్టర్ ప్లోరైట్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలో పనిచేస్తూ 1960 ప్రాంతంలో మంచి టీకా తయారుచేశాడు. మందు మంచిదే. కాని దానిని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. కరెంటు లేని, రోడ్డు లేని ఎడారి ప్రాంతాల పశువుల వద్దకు అది చేరేసరికి పనిచేయకుండా పోయేది. అక్కడ కష్టం మందులో లేదు, దారిలో ఉన్నది. 1980 దశకంలో జెఫ్రీ మారినర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ టీకానే వేడికి తట్టుకొనేటట్లు తయారుచేశాడు. శీతలపెట్టె లేకుండా నెల రోజులపాటు మోసుకొనిపోవచ్చు. పశువుల కాపరులలోనే కొందరికి శిక్షణ ఇచ్చి వారిచేత టీకాలు వేయించారు. మన దేశంలో ఇంటింటి టీకాల కార్యక్రమం వలన 1995 తరువాత ఈ వ్యాధి కనుపించలేదు. 2011లో ప్రపంచమంతటా ముసర వ్యాధి అంతరించినట్లు ప్రకటించారు. పశువుల వ్యాధులలో మానవుడు పూర్తిగా తుడిచివేసినది ఇది ఒక్కటే.

గాలికుంటు, బ్రుసెల్లా వ్యాధులకు 2019లో జాతీయ కార్యక్రమం మొదలైనది. చెవికి పసుపు పచ్చ బిళ్ళ, దానిపై 12 అంకెల సంఖ్య మీరు చూస్తూనే ఉన్నారు. ఆ బిళ్ళ ప్రయోజనం ఏమిటని కొందరు సభ్యులు మమ్ములను అడుగుతారు. ఏ పశువుకు ఏనాడు టీకా వేశారు, ఎప్పుడు చూడి కట్టింది, అనే లెక్క పశువుతోపాటు ఉండాలని దాని ఉద్దేశం. టీకా రోజున పశువును మేతకు తోలకుండా కొట్టంలో ఉంచితేనే ఆ ఉద్దేశం నెరవేరుతుంది.

మంచి పద్ధతి కూడ ఎందుకు నిలవలేదు?

జయించిన కథలే చెప్పి ఊరుకుంటే ఉపన్యాసం పూర్తి కాదు. మేము డిప్లొమా చదివిన రోజులలో, ఆ తరువాత ఉద్యోగంలో చేరిన రోజులలో, ఏ సభకు వెళ్ళినా వరిగడ్డిని యూరియాతో సుపోషకం చేయటం గురించి చెప్పేవారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగవేయాలి. గడ్డి మెత్తబడుతుంది, అరుగుదల పెరుగుతుంది, మాంసకృత్తుల విలువ పెరుగుతుంది. శాస్త్రం ప్రకారం ఇందులో తప్పు లేదు. ప్రదర్శనలు జరిగాయి, ఫోటోలు తీశారు. ప్రదర్శన చేసినవారు వెళ్ళిపోయిన తరువాత ఎంతమంది రైతులు చేశారు? చాలా తక్కువ.

రైతు సోమరి అనుకుంటే పొరపాటు. ఒకసారి రైతు ప్రక్కన నిలబడి లెక్క వేయండి. కోతలు, నూర్పిళ్ళు అయిన వెంటనే గడ్డి వామి వేస్తారు. వేసిన వామిని విప్పి చల్లాలంటే ఇద్దరు కూలీలు కావాలి. యాభై లీటర్ల నీరు బోరు వద్ద నుండి ఇంటి ఆడవారు మోయాలి. యూరియాకు ముందుగా డబ్బు పెట్టాలి. పచ్చిమేత దొరికే ఊరిలో దీని ఫలితం పాలలో స్పష్టంగా కనబడదు. రోజుకు రెండు లీటర్లిచ్చే గేదె ఉన్న ఇంటికి అంత శ్రమకు ప్రతిఫలం రాదు. వరిగడ్డి సమృద్ధిగా ఉండి, పచ్చిమేత బొత్తిగా లేక, పాలకు మంచి ధర ఉండి, ఇంటిలో మనుషులు ఉన్నచోట ఇది నేటికీ మేలైన పద్ధతి. అటువంటి సభ్యులు తప్పక చేయవలసిందే. కాని అందరి కష్టానికీ ఒకే మందు అని పంచినందువలన మందుకే చెడ్డపేరు వచ్చింది. పశువు నాకే యూరియా మొలాసెస్ ఇటుక, ఖనిజ లవణ మిశ్రమం ఇంతకంటే సులభంగా ఇండ్లలోకి వెళ్ళాయి. కారణం చిన్నదే. ఇటుకను కొట్టంలో పెడితే చాలు, ఎవరూ నీరు మోయనక్కరలేదు.

మన సంఘం గదిలోకి వద్దాము

ఇప్పుడు మన సంఘాల విషయం. పాలు పోసే సభ్యునికి సంఘంతో ఉన్న కష్టాలు ఏవి? తనిఖీకి వెళ్ళినపుడు మేము కార్యదర్శితోపాటు వరుసలో నిలబడిన వారిని కూడ అడుగుతాము. వారు చెప్పేవి నాలుగే: కొలతపై అనుమానం, వెన్నశాతంపై అనుమానం, పాలు పులిసి వెనుకకు రావడం, బిల్లు ఆలస్యం.

వెన్నశాతంలో 0.1 తేడా ఎంత చిన్నదో చూడండి. ఉదాహరణకు కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాము. మీ సంఘంలో ఉన్న ధర వేసుకొని మీరే సరిచూసుకోండి. రోజుకు 5 లీటర్లు పోసే సభ్యురాలికి 0.1 శాతం తక్కువ చూపితే రోజుకు సుమారు 5.15 గ్రాముల వెన్న పోతుంది, అంటే 4 రూపాయల 12 పైసలు. సంవత్సరానికి 1,500 రూపాయలు. రోజుకు 1,000 లీటర్లు వచ్చే సంఘంలో అదే తేడా సంవత్సరానికి 3 లక్షల రూపాయలు. యంత్రం ఎవరినీ మోసం చేయాలనుకోదు. కాని దానిని సరిచూడకపోతే, మోసం చేసేవాడు లేకుండానే మోసం జరుగుతుంది.

నేటి ఎలక్ట్రానిక్ అనలైజరు నిమిషంలోగా వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ చెబుతుంది. ఆమ్లంతో చేతులు కాలే భయం లేదు. వరుస త్వరగా కదులుతుంది. ఇది నిజమైన మేలే. కాని పాలలో గాలి బుడగలున్నా, పాలు పులిసినా, లోపలి గొట్టంలో పాల పొర అంటుకున్నా అది తప్పు చెబుతుంది. ఆవుపాలకు, గేదెపాలకు సెట్టింగు వేరు. ప్రతిపూటా కడగాలి. వారానికి ఒకసారైనా అదే నమూనాను గెర్బర్ పద్ధతిలో పరీక్షించి, రెండు అంకెలను ఒక పుస్తకంలో ప్రక్కప్రక్కన వ్రాసి, పాలకవర్గ సభ్యుడొకరు సంతకం చేయాలి. కొత్త యంత్రం వచ్చిందని పాత బ్యుటిరోమీటర్లను అటక ఎక్కించిన సంఘాలకు మేము చెప్పే మాట ఇది: తులాన్ని పారవేసి త్రాసును నమ్మవద్దు.

తూకం సంగతి కూడ ఉన్నది. ఎలక్ట్రానిక్ కాటా 10 మిల్లీలీటర్ల వరకు చూపగలిగినా, కొన్నిచోట్ల 100 మిల్లీలీటర్లకు క్రిందికి కుదించి లెక్కవేసేటట్లు ఉంచుతున్నారు. 1.58 లీటర్లు పోస్తే 1.5 అని స్లిప్పు వస్తుంది. సగటున పూటకు 45 మిల్లీలీటర్లు పోయినా, రెండు పూటలకు 90. సంవత్సరానికి 33 లీటర్లు! పదిహేను లీటర్లు పోసేవారికి అది లెక్కలోనిది కాదు. లీటరున్నర పోసే ఆమెకు అది ఇరవై రెండు పూటల పాలు. యంత్రం ఒకటే అయినా దెబ్బ పేదవారికే ఎక్కువ తగులుతుందని గమనించండి. దీనిని సరిచేయటానికి కొత్త యంత్రం అక్కరలేదు, ఒక తీర్మానం, ఒక సెట్టింగు మార్పు చాలు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర ప్రతి సంవత్సరం వేయించటం మరువరాదు.

ఒక సంఘంలో మేము చూచినది మనవి చేస్తాము. అంకెలు చూపే తెర కార్యదర్శి వైపు తిరిగి ఉన్నది. పాలు పోసేవారికి దాని వీపు మాత్రమే కనబడుతుంది. మూడు నెలలుగా పాలు తగ్గుతున్నాయి, సభ్యులు ప్రైవేటు వ్యాపారికి పోస్తున్నారు, మరింత ఖరీదైన యంత్రం కొంటే నమ్మకం కలుగుతుందేమో అని పాలకవర్గం ఆలోచిస్తున్నది. తెరను వరుస వైపు తిప్పమని, ప్రతివారి అంకెలను పైకి చదివి చెప్పమని మేము సూచించాము. అంకెలు చదవలేని ముసలివారు సైతం వింటారు గదా! తరువాతి తనిఖీకి వెళ్ళేసరికి పోయినవారిలో చాలామంది తిరిగి వచ్చారు. ఖర్చు ఒక మూరెడు వైరు.

బల్క్ కూలరు కావాలా?

ఎక్కువ సంఘాలు మమ్ములను అడిగే ప్రశ్న ఇది. పొదుగు నుండి వచ్చే పాలు వెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు అవుతాయి. 4 డిగ్రీలకు చల్లార్చితే వాటి పెరుగుదల ఆగినట్లే. చిల్లింగ్ సెంటర్ దూరమై, వేసవిలో క్యాన్లు పులిసి వెనుకకు వచ్చే ఊళ్ళకు కూలరు నిజంగా వరం. సాయంత్రం పాలు తీసుకోని ఊళ్ళలో, కూలరు వచ్చిన తరువాత రెండు పూటలా సేకరణ మొదలై, సభ్యుల ఆదాయం పెరిగిన ఉదాహరణలు మీకందరికీ తెలుసు.

అయితే కూలరు సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. మురికి చేతులతో, కడగని పొదుగుతో, ప్లాస్టిక్ బిందెలో వచ్చిన పాలను చల్లార్చితే చల్లని మురికి పాలే అవుతాయి. రెండవది, పెద్ద కూలరులో మరీ తక్కువ పాలు పోస్తే కలిపే రెక్క సరిగా మునగదు, పాలు సరిగా చల్లబడవు. కరెంటు, జనరేటరు డీజిలు ఖర్చు మాత్రం తగ్గదు. ఆ ఖర్చు లీటరు ధరలో నుండే పోతుంది. అందుచేత చిన్న సంఘాలు నాలుగైదు కలిసి మధ్య ఊరిలో ఒక కూలరు పెట్టుకొనుట ఉత్తమం. మూడవది, పాలు పులియటానికి కారణం దూరం కాకపోవచ్చు. లారీ రెండు గంటలు ఆలస్యంగా రావడమో, క్యాన్లు వేడినీటితో కడగకపోవడమో కావచ్చు. రోగం ఒకటి, మందు మరొకటి కారాదు. మొదట ఒక నెలపాటు క్యాన్ల వారీగా, సమయం వారీగా పులిసిన పాల లెక్క వ్రాయండి. ఆ లెక్కే మీకు కూలరు కావాలో, మూత గట్టిగా ఉన్న స్టీలు క్యాన్లు కావాలో చెబుతుంది.

ఎవరి ఫోను, ఎవరి ఖాతా?

నేడు స్లిప్పు ఫోనుకు వస్తున్నది, బిల్లు బ్యాంకు ఖాతాలో పడుతున్నది. మధ్యలో చేతులు మారే అవకాశం తగ్గింది. మేము దీనిని మనసారా ఆహ్వానిస్తున్నాము. కాని సభ్యత్వ రిజిస్టరు తెరిచి చూడండి. గడ్డి కోసేది, పేడ ఎత్తేది, పాలు పిండేది, కేంద్రానికి తెచ్చేది ఇంటి ఇల్లాలు. సభ్యత్వం భర్త పేరున, ఫోను ఆయన జేబులో, ఖాతా ఆయనది. ఇదివరకు పదిహేను రోజులకొకసారి ఆమె స్వయంగా వచ్చి, వేలిముద్ర వేసి, డబ్బు లెక్కపెట్టుకొని, దారిలో బియ్యం, పిల్లవాని పుస్తకాలు కొనుక్కొని వెళ్ళేది. కొత్త పద్ధతి వచ్చిన తరువాత ఎంత పడిందో ఆమెకు తెలియని ఇండ్లు ఉన్నాయి. తప్పు ఫోనుది కాదు. ఎవరి పేరు నమోదు చేయాలో నిర్ణయించినది మనము. పాలు పిండే చేతికి సభ్యత్వం, ఖాతా ఇవ్వమని ప్రతి సంఘాన్నీ కోరుతున్నాము. ఆమెకు ఓటు కూడ అప్పుడే వస్తుంది. తరువాత ఏ యంత్రం కొనాలన్నా కష్టం తెలిసినవారి మాట సభలో వినిపిస్తుంది.

కృత్రిమ గర్భధారణ విషయంలోనూ ఇదే. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద నిలువ చేసిన వీర్యం, ఎక్కువగా పెయ్యదూడలే పుట్టేటట్లు వేరుచేసిన వీర్యం నేడు అందుబాటులో ఉన్నాయి. గేదెలలో మూగఎద ఎక్కువ. తెల్లవారుజామున తీగెలు గమనించి, "ఈ గేదె ఎదకు వచ్చింది" అని చెప్పగలిగేది కొట్టంలో ఉన్న మనిషే. ఒక ఎద తప్పితే 21 రోజుల మేత ఖర్చు వృథా. ఖరీదైన వీర్యానికి ఇచ్చే డబ్బుతోపాటు, ఎద లక్షణాలు ఇంటి ఆడవారికి నేర్పే తరగతికి కూడ సంఘం కొంత ఖర్చు పెట్టాలి.

కొనేముందు ఐదు ప్రశ్నలు

ఏ యంత్రమైనా కొనే తీర్మానానికి ముందు ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు మినిట్స్ పుస్తకంలో వ్రాయండి.

1. తీరవలసిన కష్టం ఏది? అది ఎంతమంది సభ్యులది? చిన్న సభ్యులకా, పెద్ద సభ్యులకా?

2. అదే కష్టం తక్కువ ఖర్చుతో, ఉన్న వస్తువుతో, పద్ధతి మార్పుతో తీరుతుందా?

3. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎన్ని గంటలలో వస్తారు? ఆ పూట పాలు ఎట్లా తీసుకుంటాము? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు, యంత్రం కొని మరమ్మతు ఒప్పందం మానుకొనరాదు.

4. కరెంటు, శుభ్రపరచే మందు, మరమ్మతు, తరుగుదల కలిపి లీటరుకు ఎన్ని పైసలు పడుతుంది? ఆ పైసలు ఎక్కడి నుండి వస్తాయి?

5. యంత్రం చెప్పినదానిని సభ్యుడు స్వయంగా చూచి, ప్రశ్నించి, తిరిగి పరీక్ష చేయించుకొనే వీలు ఉన్నదా?

సబ్సిడీ వస్తున్నదని ఈ ప్రశ్నలు దాటవేయకండి. సబ్సిడీ యంత్రం ధరకు మాత్రమే వస్తుంది. దానిని నడిపే ఖర్చు సంఘానిదే. కొన్న తరువాత ఒక సంవత్సరానికి ఆ యంత్రం వలన ఏ కష్టం ఎంత తగ్గిందో సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలి. తగ్గకపోతే కారణం అడిగే హక్కు ఒక్క వాటా ఉన్న సభ్యునికీ ఉన్నది. సమావేశంలో లేచి అడిగేవారిని కొందరు అధ్యక్షులు గొడవపెట్టేవారుగా చూస్తారు. అడిగేవారు లేని సంఘాలలోనే గోనెపట్టా క్రింద యంత్రాలు ఎక్కువగా కనబడ్డాయని మా అనుభవం.

సోదర సోదరీమణులారా! విజ్ఞానం వద్దని మేము అనటం లేదు. బాబ్‌కాక్ గాజు సీసా లేకుంటే, దలాయా పట్టుదల లేకుంటే, వేడికి తట్టుకొనే టీకా లేకుంటే మన కొట్టాలు, మన సంఘాలు ఈ స్థితిలో ఉండేవి కావు. ఆ ముగ్గురూ చేసినది, ఎవరికి నొప్పి ఉన్నదో వారి ప్రక్కన నిలబడి ఆలోచించడం. అంతటి శాస్త్రజ్ఞులం మనం కాకపోవచ్చు. కాని ఏ యంత్రం రావాలో, అది ఎవరి వైపు తిరిగి ఉండాలో నిర్ణయించే అధికారం సహకార చట్టం మన చేతిలో పెట్టింది.

ఈ సాయంత్రం మీ కేంద్రానికి వెళ్ళినపుడు తూకం సెట్టింగు ఎట్లా ఉన్నదో, గెర్బర్ పుస్తకంలో చివరి సంతకం ఏ తేదీదో చూచి, రాబోయే సమావేశపు అజెండాలో చేర్చండి.

జై సహకార!